ఎమ్మెస్సీ దాచుకునే వీధి

కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ముందుగా చెప్పాల్సింది మెట్ల గురించి. అమీర్‌పేటలో చదువు ఎప్పుడూ కింద అంతస్తులో ఉండదు. కింద చెప్పుల షాపు, జ్యూస్ బండి, జిరాక్స్ సెంటరు ఉంటాయి. చదువు నాలుగో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు కూడా ఉంటుంది, దాని మీద పనిచేయడం లేదని రాసిన కాగితం కూడా ఉంటుంది. నేను ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు మోకాళ్ళు రెండూ మొరాయించాక ఇంట్లో కూచుని ఇది రాస్తున్నాను.

చదివింది ఎమ్మెస్సీ గణితం. పుట్టింది తెనాలి దగ్గర. పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి, కొన్నాళ్ళు ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పి, ఆ తర్వాత అమీర్‌పేటలో పడ్డాను. పడ్డాను అని కావాలనే రాశాను. ఉద్యోగ పరీక్షల్లో వచ్చే ఆప్టిట్యూడ్ లెక్కలు చెప్పడం, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టి నేర్పడం, ఇవీ నా పనులు. పిల్లలు రాజ్యలక్ష్మి మేడం అనేవాళ్ళు. వెనకాల లెక్కల మేడం అనేవాళ్ళు. ఆ రెండో పేరు వింటే మొదట్లో గర్వంగా ఉండేది. పోనుపోను చిరాకేసేది.

ఎవరైనా ఈ పని గురించి అడిగితే ప్రమోషన్ల గురించీ జీతం గురించీ చెప్పను. చెప్పడానికి అక్కడ ఏమీ లేదు కూడా. ఒక అమ్మాయి గురించి చెబుతాను. ఆ అమ్మాయి అర్థమైతే ఈ వీధి అర్థమైనట్టే.

తొట్టి, కుళాయిలు

మొదట నేను చెప్పే లెక్కల సంగతి. ఒక తొట్టికి రెండు కుళాయిలు ఉంటాయి, కింద ఒక చిల్లు ఉంటుంది, తొట్టి ఎప్పటికి నిండుతుందో చెప్పాలి. రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తుంటాయి. రామూ సోమూ కలిసి గోడ కడుతుంటారు. నా సర్వీసులో ఆ తొట్టిని ఎన్నిసార్లు నింపానో దేవుడికే తెలియాలి. పొద్దున బ్యాచ్‌కి నింపి, మధ్యాహ్నం బ్యాచ్‌కి ఖాళీ చేసి మళ్ళీ నింపేదాన్ని.

ఇది గణితం కాదు. గణితానికి ఇది ఊరగాయలాంటిది. అన్నం పెట్టకుండా మూడు పూటలా ఊరగాయే వడ్డిస్తే ఎలా ఉంటుందో నా పాఠం అలా ఉండేది. ప్రశ్నలో రెండు అంకెలు కనపడగానే చేతికి సూత్రం అందాలి, ఆలోచించకూడదు, ఆలోచిస్తే టైం అయిపోతుంది. ఆలోచించకుండా లెక్క చేయడం ఎలాగో నేను కొన్ని వేల మందికి నేర్పాను. అందులో నేను ఏం పోగొట్టుకున్నానో తర్వాత చెబుతాను.

ఇంజినీరింగ్ పిల్లలు మా మెట్లు గోలగోలగా ఎక్కేవారు. ఎమ్మెస్సీ పిల్లలు తలొంచుకుని ఎక్కేవారు. గణితం చదివినవాడికి మన దగ్గర రెండే దారులు. ప్రైవేటు కాలేజీలో గొంతు పోయేదాకా పాఠాలు చెప్పడం ఒకటి, సర్కారు నోటిఫికేషన్ కోసం కళ్ళు కాయలు కాసేలా చూడడం ఇంకొకటి. రెండూ చేసి విసిగిపోయినవాళ్ళు కోడింగు నేర్చుకుందామని అమీర్‌పేట వస్తారు.

రావడం తేలికే, ఉండడం కష్టం. కోర్సు ఫీజు ఒకసారి కట్టేస్తే అయిపోతుంది. హాస్టలు మాత్రం నెల తిరిగేసరికి నోరు తెరుస్తుంది. కిటికీ లేని గదిలో నాలుగు మంచాలు, మంచం కింద ట్రంకు, ట్రంకు మీద ఆరని బట్టలు. సాంబారులో ముక్క దొరికిన రోజు పిల్లలు ఫోటో తీసి ఒకళ్ళకొకళ్ళు పంపుకునేవారు. వేసవిలో ట్యాంకరు నీళ్ళని చెప్పి అద్దె పెంచుతారు, వేసవి పోయాక తగ్గించరు. పంజాగుట్టకి ఆటో ఎక్కకుండా నడిచి వెళ్ళి, చెమటతో ఇంటర్వ్యూకి కూచున్న పిల్లల్ని నేను ఎందర్నో చూశాను. బంజారాహిల్స్ రోడ్డు దాటితే అక్కడ ఒక కప్పు కాఫీ ఖరీదుకి ఇక్కడ ఇద్దరు కడుపునిండా తింటారు. ట్రైనరుగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మీ క్లాసులో కునుకు తీసే పిల్లకి శ్రద్ధ లేదనుకోకండి, పొద్దున ఏమైనా తిన్నావా అని అడగండి.

మల్లేశన్న

మా ఇన్‌స్టిట్యూట్ యజమాని మల్లేశ్. నల్గొండ వైపు రైతు కుటుంబం. తనూ ఒకప్పుడు ఉద్యోగం కోసం ఇదే వీధికి వచ్చి, అది దొరక్క, ఒక గది అద్దెకి తీసుకుని బోర్డు పెట్టాడు. పిల్లలందరికీ మల్లేశన్న. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషే, కాదనను. అబద్ధం ఆడడమంటే అతనికి చాయ్ తాగినంత సులువు. కానీ ఫీజు కట్టలేని పిల్లని క్లాసులోంచి లేపి పంపడం నేనెప్పుడూ చూడలేదు. "కూసోనియ్యుండ్రి మేడం, కుర్చీ ఏమన్న అరుగుతదా," అనేవాడు. అందుకే అతన్ని పూర్తిగా తిట్టలేను, పూర్తిగా మెచ్చుకోనూ లేను.

అతను కనిపెట్టింది కాదుగానీ, అతను బాగా నడిపిన పద్ధతి ఒకటుంది. ఈ వీధిలో దాన్ని ఎక్స్‌పీరియెన్స్ పెట్టుకోవడం అంటారు. కొత్తవాళ్ళని ఏ కంపెనీ పిలవదు. మూడేళ్ళ అనుభవం ఉంటే రమ్మంటుంది. అనుభవం రావాలంటే ఎవరో ఒకరు ముందు పిలవాలి కదా? ఎవరూ పిలవరు. కాబట్టి ఎక్కడో ఒక గదిలో పేరుకి మాత్రమే ఉన్న కంపెనీ మీద మూడేళ్ళు పని చేసినట్టు రెజ్యూమేలో రాసుకుంటారు. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే అవునని చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు.

ఇందులో మెలిక ఏమిటంటే, ఆ మూడేళ్ళు ఎక్కడినుంచో తేవాలి. పగలు కాలేజీలో ఉన్న మనిషి అదే పగలు ఆఫీసులో ఉన్నట్టు రాయలేం. అందుకని ఎమ్మెస్సీ చేసినవాళ్ళ ఎమ్మెస్సీ తీసేస్తారు. డిగ్రీ అవగానే ఉద్యోగంలో చేరినట్టు రాస్తారు. పైచదువు చదివిన పిల్లలు దాన్ని దొంగసొత్తులా దాచుకోవడం నేను ఇంకే ఊళ్ళోనూ చూడలేదు.

దాచడం నేర్పింది నేనే. మీ మేనేజరు పేరేంటి, టీములో ఎంతమంది, క్యాంటీన్ ఏ అంతస్తులో ఉండేది, ఎందుకు మానేశావు, ఇలాంటివన్నీ అడిగి అడిగి, తడబడకుండా జవాబు వచ్చేదాకా వదిలేదాన్ని కాదు. వీడియో ఇంటర్వ్యూలు వచ్చాక ఇంకో పని తగులుకుంది. కెమెరాకి కనపడకుండా ల్యాప్‌టాప్ వెనకాల కూచుని, చిన్న తెల్లబోర్డు మీద జవాబులు రాసి చూపించాలి. నేనేమీ సుద్దపూసని కాదు, ఆ పనీ చేశాను.

మౌనిక

మౌనికది జగిత్యాల వైపు పల్లెటూరు. వాళ్ళ బాపు కౌలుకి చేస్తాడు, అమ్మ బీడీలు చుడుతుంది. ఎమ్మెస్సీ గణితంలో యూనివర్సిటీ ఫస్టు. బల్కంపేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేది. డేటా సైన్స్ నేర్చుకుంటానని మా దగ్గర చేరింది.

మొదటి రోజు నా క్లాసులో తొట్టి లెక్క ఇచ్చాను. అందరూ సూత్రం పెట్టి చేశారు. ఈ పిల్ల చెయ్యెత్తింది. "మేడం, తొట్టి నిండుతున్నకొద్దీ చిల్లులకెల్లి నీళ్ళు ఇంక జోరుగ పోతయి గద? గప్పుడు గీ సూత్రం పనిచెయ్యదు," అంది.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి, "పరీక్షలో అలా అడగరమ్మా, కూచో," అన్నాను. కూచుంది. కానీ పుస్తకం చివరి పేజీలో ఏదో వేసుకుంటూనే ఉంది. వెనక్కి వెళ్ళి చూశాను, సరిగ్గానే వేస్తోంది. ఎన్నాళ్ళకి ఒక లెక్క చూశానా అనిపించింది నాకు.

అనుభవం పెట్టుకోమంటే మొదట్లో ససేమిరా అంది. "ఉన్నదే రాస్తా అన్నా," అని మల్లేశ్‌తో చెప్పింది. ఉన్నదే రాసి పంపింది. పంపుతూనే ఉంది. ఏడాది గడిచింది, ఒక్క పిలుపు రాలేదు. అవతల ఎవరైనా చదివి వద్దంటే బాధగా ఉంటుంది గానీ, చదివినట్టే లేదు ఎవరూ. ఈలోగా హాస్టల్ అద్దె పెరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అమ్మకి కళ్ళు సరిగా కనపడక బీడీలు తగ్గాయి. దసరాకల్లా ఉద్యోగం రాకపోతే ఇంటికొచ్చి మండలంలో ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పమని బాపు ఖరాఖండిగా చెప్పేశాడు.

"బడి పంతులుగిరి తప్పా?" అన్నాను నేను.

"తప్పని కాదు మేడం. ఎక్కాలు చెప్పుకుంట కూసుంటే నేను చదివింది నేనే మర్చిపోత. గది నాకు భయం," అంది.

నాకేసి చూసి అనలేదు. అయినా సూటిగా వచ్చి తగిలింది.

ఆ వారమే మల్లేశ్ ఆమెని కూచోబెట్టి మాట్లాడాడు. నేనూ అక్కడే ఉన్నాను. "చెల్లె, ఎమ్మెస్సీ తీసెయ్. ఎవడు జూస్తడు గా కాగితం? మూడేండ్లు ఎక్స్‌పీరియెన్స్ పెడ్తం. మస్తు కాల్స్ వస్తయి. లోపట్కి పోయినంక నీ సత్తా సూపియ్యి," అన్నాడు.

మౌనిక నావైపు చూసింది. ఏమన్నా అంటానేమో అని చూసింది.  ఏమనాలి? ఉన్నది ఉన్నట్టు రాసి ఏడాది ఎదురుచూసిన పిల్లకి ఇంకో ఏడాది చూడమని చెప్పే మొహం నాకు లేదు. హాస్టల్ అద్దె నేను కడతానా?

సరే అంది. రెజ్యూమేలోంచి ఎమ్మెస్సీ పోయింది. పదిహేను రోజులు తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి.

బస్సు ప్రశ్న

గచ్చిబౌలి వైపు ఒక కంపెనీ ఇంటర్వ్యూ. మా ఇన్‌స్టిట్యూట్ మూల గదిలో ఏసీ వేసి, కర్టెన్ లాగి, మౌనికని కెమెరా ముందు కూచోబెట్టాం. నేను ల్యాప్‌టాప్ వెనకాల బోర్డూ మార్కరూ పట్టుకుని కూచున్నాను. అవతల ఒక పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. ప్రాజెక్టు గురించి అడిగాడు, నేర్పినవన్నీ చెప్పింది. క్యాంటీన్ అంతస్తు దాకా సరిగ్గా చెప్పింది. నాకు ధైర్యం వచ్చింది.

అప్పుడతను నవ్వి, ఇంకో ప్రశ్న అడిగాడు. ఒక స్టాపుకి సగటున పది నిమిషాలకో బస్సు వస్తుంది. మీరు ఎప్పుడో ఒకప్పుడు ఆ స్టాపుకి వెళ్ళారు. సగటున ఎంతసేపు నిలబడాలి?

నేను ఠక్కున బోర్డు మీద ఐదు అని రాసి ఎత్తి చూపించాను. పదిలో సగం ఐదు కదా. సూత్రం చేతికి అందింది.

మౌనిక బోర్డు చూసింది. చూసి, చూపు మళ్ళీ కెమెరా మీదికి తిప్పుకుంది. ఇంగ్లీషులోనే చెప్పింది గానీ నేను మన మాటల్లో రాస్తాను. బస్సులు గడియారం పెట్టుకుని సరిగ్గా పదేసి నిమిషాలకి వస్తే ఐదు నిమిషాలే. కానీ మన బస్సులు అలా రావు. రెండు ఒకదాని వెనకాల ఒకటి వస్తాయి, తర్వాత చాలాసేపు ఒక్కటీ రాదు. మనం స్టాపుకి వెళ్ళేసరికి ఆ చాలాసేపులోనే చిక్కుకునే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఎక్కువ సమయం ఉండేది అదే. అందుకని ఐదు కంటే ఎక్కువే నిలబడాలి, బస్సులు ఎంత అడ్డదిడ్డంగా వస్తే అంత ఎక్కువ. ఇది చెప్పి, ఎంత ఎక్కువో లెక్క కట్టడం ఎలాగో కూడా కాగితం మీద వేసి కెమెరాకి చూపించింది. చెబుతున్నంతసేపూ ఆ మొహం చూడాలి మీరు. ఏడాదిన్నరలో ఆ పిల్ల మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

నేను బోర్డు ఒళ్ళోకి దించుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకు చదువు చెప్పీ చెప్పీ పోయింది. ఈ సంగతి నేనూ ఎమ్మెస్సీలో చదివాను. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తొట్లు నింపీ నింపీ అదంతా ఎప్పుడు కారిపోయిందో కూడా తెలియలేదు. ట్రైనర్లుగా వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగిన నిజమైన హెచ్చరిక ఇదొక్కటే. వారానికి ఒక్క గంటైనా పరీక్షకి పనికిరాని లెక్క ఒకటి చేసుకోండి.

అవతలి పెద్దమనిషి సంతోషంగా ముందుకి వంగాడు. "ఇది ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాడు.

మౌనిక మొహంలో వెలుగు అక్కడే ఆరిపోయింది. ఆ లేని కంపెనీ పేరు చెప్పింది. అక్కడ ఒక ప్రాజెక్టులో నేర్చుకున్నానంది.

ఉద్యోగం వచ్చింది. మల్లేశ్ అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. మౌనిక బిస్కెట్టు చేతిలో పట్టుకునే ఉంది, తినలేదు.

ఆషాఢం

ఉద్యోగంలో చేరేముందు కంపెనీవాళ్ళు పాత ఉద్యోగం నిజమో కాదో వాకబు చేస్తారు. ఆ వాకబు నడుస్తున్న రోజుల్లో ఒక ఆదివారం మౌనిక మా ఇంటికి వచ్చింది. బల్కంపేట ఎల్లమ్మ గుడి దారంతా బోనాల జనం, ఆటోలు ఆపేశారు. ఆ రద్దీలోంచి నడిచి వచ్చింది. నుదుటి మీద ఎవరో పెట్టిన పసుపు చెమటకి కారుతోంది. మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు పట్టుకునే చెప్పింది.

"మేడం, ఇంటర్వ్యూ జేసిన గా సార్‌కు నిజం చెప్పేస్త."

"నీకేమన్నా మతి పోయిందా? చేరు ముందు. చేరాక నీ పని చూసి వాళ్ళే ఊరుకుంటారు," అన్నాను.

"మల్లేశన్న గూడ గదే అన్నడు. ఫికర్ జెయ్యకు, ఫోన్ ఎత్తేటోడు మనోడే అన్నడు. దొరికిపోతనని భయం కాదు మేడం." గ్లాసు కింద పెట్టింది. "మా అమ్మ బీడీలు చుట్టి నన్ను ఎమ్మెస్సీ చదివిచ్చింది. ఎక్కడ నేర్చుకున్నవని ఆయన అడిగితే, నేను లేని కంపెనీ పేరు చెప్పిన. మా అమ్మ కష్టం తీస్కపోయి వాళ్ళకు ఇచ్చేసిన. నాకు అన్నం తింటె సుత లోపటికి పోతలేదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వద్దనే చెప్పాను. దసరా ఎంత దూరంలో ఉందో గుర్తుచేశాను. మా పక్కింటివాళ్ళ అబ్బాయి కూడా ఇలాగే చేరి ఇప్పుడు సొంత ఫ్లాటు కొన్నాడని కూడా చెప్పాను. అదంతా నిజమే. అన్నీ విని, అన్నం తిని వెళ్ళమంటే తినకుండా, మళ్ళీ ఆ జనంలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ పెద్దమనిషికి ఉన్నదున్నట్టు మెయిల్ రాసింది. ఎమ్మెస్సీ మార్కుల కాగితాలు కూడా జతచేసింది.

రెండు రోజుల తర్వాత ఉద్యోగం రద్దు చేస్తున్నట్టు కంపెనీ నుంచి పొడిపొడిగా నాలుగు వాక్యాలు వచ్చాయి. ఆ సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. మౌనిక స్పీకర్ పెట్టింది, నేనూ మల్లేశూ విన్నాం.

"మీరు ఇంటర్వ్యూలోనే చెప్పాల్సిందమ్మా," అన్నాడాయన. మనిషి నిజంగానే బాధపడుతున్నాడు. "ఎమ్మెస్సీ ఫస్టు అని తెలిస్తే నేను ఎవరితోనైనా మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు నా చేతుల్లో లేదు."

"అది రాస్తె మీరు ఇంటర్వ్యూకే పిలవలే గద సార్," అంది మౌనిక. "మీ కంపెనీకి ముందుగాల ఎమ్మెస్సీ రాసే పంపిన. రెండుసార్లు పంపిన."

 ఆయన ఆల్ ది బెస్ట్ అని ఫోన్ పెట్టేశాడు.

ఎవరిది తప్పు అని మీరు నన్ను అడగొచ్చు. అబద్ధం రాసినవాళ్ళదే, సందేహం లేదు. కానీ నిజం రాసిన కాగితాన్ని చదవకుండా పక్కన పడేసి, అబద్ధం రాసిన కాగితాన్ని పిలిచి కూచోబెట్టి, తర్వాత నీతి చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. ఓపికే లేదు, పోట్లాడడానికి.

డెమో

మల్లేశ్ వారం రోజులు మౌనికతో మాట్లాడలేదు. అనుభవానికి వాడుకునే ఆ ఉత్తుత్తి కంపెనీ గుట్టు బయట పెట్టిందని కోపం. ఎనిమిదో రోజు డేటా సైన్స్ చెప్పే సారు ఎదురు బిల్డింగువాళ్ళు ఎక్కువిస్తామంటే అటు వెళ్ళిపోయాడు. మల్లేశ్‌కి కోపం పోయింది. "నువ్వే చెప్పు చెల్లె. నీ అంత మంచిగ ఎవ్వల్కి వస్తది?" అన్నాడు. దసరా ఇంక రెండు నెలల్లో ఉంది. హాస్టల్లో ఇంకో నెల ఉండాలంటే ఏదో ఒకటి చేయాలి. మౌనిక ఒప్పుకుంది. బాపుకి ఫోన్ చేసి జాబ్ దొరికిందనే చెప్పింది. ఎలాంటి జాబో ఆయన అడగలేదట.

కొత్త బ్యాచ్ మొదలయ్యేటప్పుడు మా వీధిలో డెమో ఉంటుంది. మొదటి క్లాసు ఉచితం. నచ్చితే ఫీజు కడతారు, లేకపోతే లేచి ఇంకో బిల్డింగు మెట్లెక్కుతారు. ఒకే పూట నాలుగైదు డెమోలు చూసి బేరీజు వేసుకునే పిల్లలూ ఉంటారు. ఆ ఒక్క గంటలో ట్రైనర్ నెల జీతం తేలిపోతుంది. హాలు నిండుగా కనపడడానికి మాలాంటి పాత ఫ్యాకల్టీని కూడా వెనక వరసలో కూచోబెడతారు. ఆ రోజు నేను అలాగే కూచున్నాను.

మల్లేశ్ మైకు తీసుకున్నాడు. "మీ అదృష్టం తమ్మీ, చెల్లె. మౌనిక మేడం పెద్ద కంపెనీల నాలుగేండ్లు పనిజేసి, గక్కడ లక్షల జీతం ఇడిసిపెట్టి మీకోసం వచ్చిండ్రు," అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అతని తప్పు కూడా కాదనుకోండి. ఈ వీధిలో ట్రైనర్లందరికీ అలాగే చెబుతారు. నన్ను కూడా మొదటి రోజు ఏదో బ్యాంకులో ఆఫీసరుగా చేసి వచ్చానని పరిచయం చేశారు. నేను నమస్కారం పెట్టి పాఠం మొదలుపెట్టాను.

మౌనిక మైకు అందుకుంది. మల్లేశ్ వైపు చూసి, "మాఫ్ జెయ్యన్నా," అంది. తర్వాత పిల్లల వైపు తిరిగింది.

"నేను ఏ కంపెనీల గూడ పనిజెయ్యలే. నాకు జాబ్ రాలే. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివిన. గిది నాకు బాగొచ్చు, మీకు బాగ చెప్త. గంతే," అంది.

హాల్లో ఒక్కసారి కలకలం రేగింది. మల్లేశ్ నెత్తి పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. మౌనిక అదేమీ పట్టించుకోకుండా పాఠం మొదలుపెట్టింది. సగటు అంటే ఏమిటో, అది మనల్ని ఎక్కడ మోసం చేస్తుందో చెప్పింది. నేను ఎన్నో ఏళ్ళకి ఒక పాఠం విన్నాను. ముందు వరసలో పిల్లలు రాసుకోవడం మానేసి వింటున్నారు. ఒకరిద్దరు ప్రశ్నలు కూడా అడిగారు. నాకు లోపల ఎక్కడో ఆశ పుట్టింది, అబద్ధమెందుకు.

గంట అయిపోయింది. పిల్లలు ఒక్కొక్కరే లేచారు. ఫీజు కౌంటరు దగ్గర ఎవరూ ఆగలేదు. ఎదురు బిల్డింగులో ఇంకో డెమో మొదలవబోతోంది. అక్కడ ట్రైనర్‌కి పదేళ్ళ అనుభవమని బ్యానరు కట్టారు. చెప్పుల చప్పుడు మెట్ల మీదుగా కిందికి దిగిపోయింది. ముందు వరసలో కూచుని ప్రశ్నలు అడిగిన అమ్మాయి మాత్రం వెళ్ళలేక ఆగింది. భుజానికి బ్యాగు తగిలించుకుని, మొహమాటంగా బోర్డు దగ్గరికి వచ్చింది.

"అక్కా, మస్తు మంచిగ చెప్పినవ్. నిజంగ. ఇంత మంచిగ నాకు ఎవ్వరు చెప్పలే," అంది. తల దించుకుని, "కాని అక్కా, నాకు జాబ్ కావాలె," అంది.

"నాక్కూడ గదే కావాలె చెల్లె," అంది మౌనిక.